గుర్రాన్ని అమ్మేసిన పిల్ల

ఇటు రండి, ఆ కుర్చీ కాస్త దగ్గరికి లాక్కోండి. ఒక పుస్తకం మీద నాకున్న కోపం చెబుతాను, విని పోండి.

నాకు ఇంగ్లీషు రాదు. తెలుగైనా కూడబలుక్కునే చదవాలి. అయినా ఈ పరదేశంలో మేముండే సన్నీబ్యాంక్‌లో మన ఆడవాళ్ళు నెలకోసారి ఒకరింట్లో చేరి పుస్తకం గురించి మాట్లాడుకుంటుంటే నేనూ వెళ్తాను. మా కోడలు వంటింట్లో కూర్చుని చదువుతూ తెలుగులో చెబుతుంది. నేను కరివేపాకు దూస్తూ వింటాను. విన్నది ఒక్క ముక్క మర్చిపోను.

ఒక నెల పుస్తకం మా గుంపులోని డాక్టరమ్మ ఎంచింది. రోడియో కథ. పొగరుబోతు ఎద్దుల మీదెక్కి కిందపడకుండా ఉండే పోటీలుంటాయే, అవి. అందులో ఒక పిల్ల పీపాల చుట్టూ గుర్రాన్ని దౌడు తీయించి గెలుస్తుంది. ఆ గుర్రాన్ని చిన్నప్పటినుంచీ తనే సాకింది. భలే పిల్ల అనుకున్నాను. ఇంతలో టోపీవాడొకడు, ఎద్దులెక్కేవాడు, తగిలాడు. వాడు పెళ్ళాడతానన్నాడో లేదో, ఈ పిల్ల గుర్రాన్ని అమ్మేసి వాడి వెంట పోయింది. కోడలు పుస్తకం మూసింది.

"అంతేనా?"

"అంతే అత్తయ్యా."

శనివారం డాక్టరమ్మ ఇంట్లో అందరూ "సో స్వీట్" అంటుంటే ఉండబట్టలేకపోయాను.

"ఆ పిల్ల గుర్రాన్ని వదిలేసింది సరే, వాడు ఒక్క ఎద్దునన్నా వదిలాడా?"

కోడలు మోచేత్తో పొడిచింది.

"అది ఆ అమ్మాయి చాయిస్, ఆంటీ," అంది డాక్టరమ్మ. "అయినా మీరు బుక్ చదవలేదు కదా, విన్నారంతే."

"హరికథకు పోయినవాళ్ళంతా చదువుకుని పోయారా తల్లీ? నచ్చకపోతే లేచి రాలేదూ?"

ఇక ఆగలేదు, నా ఆవు సంగతి చెప్పాను. పెళ్ళిలో మా నాన్న నాకు అరణంగా ఒక ఆవును తోలించాడు. అరణమంటే పిల్లకే చెందుతుంది, దాని దూడలూ పిల్లవే. మా ఆయన చేనుకు నీళ్ళు తోడే ఇంజను కొనాలని దాన్ని అమ్మబోయాడు. బేరగాడు దాని పలుపుతాడు పట్టుకుంటే రెండో కొస నేను పట్టుకున్నాను. "నన్నూ కలిపి తోలుకుపో" అన్నాను. వాడు నవ్వుకుంటూ పోయాడు. మా ఆయన కొన్నాళ్ళు మూతి ముడుచుకుని, తర్వాత ఆ పాలతోనే కాఫీ తాగాడు. చివరిదాకా కలిసే కాపురం చేశాం. మాకు ప్రేమ తక్కువైందా?

"అది లైఫ్, ఇది నావెల్ ఆంటీ," అంది డాక్టరమ్మ. "ఇకనుంచి చదివినవాళ్ళే మాట్లాడదాం. లేకపోతే టాపిక్ పక్కకెళ్ళిపోతోంది."

ఇక ఆ గుంపులో నా కుర్చీ పోయిందనుకున్నాను. అయినా కూర్చున్నచోటు నుంచి కదల్లేదు.

"వచ్చే నెల మా ఇంట్లో కదా," అంది కోడలు, తలొంచుకునే. "మా ఇంట్లో విన్నవాళ్ళూ మాట్లాడతారు. మా అత్తయ్యే మొదలుపెడుతుంది."

డాక్టరమ్మ నవ్వేసింది. "బజ్జీలుంటాయా మరి?"

"ఉంటాయి. ఆ టోపీవాణ్ణి తిడుతూనే వేస్తాను," అన్నాను.

ఆ పుస్తకం బాగోలేదు. ఇప్పుడడిగినా అదే చెబుతాను. ఇంతసేపూ విన్నారు, మీ ఇల్లు పాడితో, పిల్లాపాపలతో చల్లగా ఉండాలి. మీ గడప తొక్కిన ఏ పిల్లా తను తెచ్చుకున్న పలుపు వదులుకోకుండుగాక.