నాన్న కనిపించని మూడు గంటలు

2004లో నేను ఇంగ్లండ్‌లోని వాట్‌ఫర్డ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. రాయలసీమలో ఎమ్మెల్యేగా ఉన్న మా నాన్న రెండుసార్లు గెలిచి, మూడోసారి పోటీ చేశారు. ఓట్ల లెక్కింపు రోజు ఉదయం ఆఫీసుకు బయలుదేరుతుంటే అమ్మ ఫోన్ చేసింది.

"మీ నాయన ఓడిపోయినాడు మ్మా. సెల్లు ఈడే పెట్టి, గన్‌మెన్‌ను గూడా వద్దని యాడికో పోయినాడు."

ఓటమి తట్టుకోలేక ఏమైనా చేసుకుంటారేమో, ప్రత్యర్థి మనుషుల కంటబడతారేమో అని భయం. మూడు గంటలు ఫ్లాట్‌లో నేల మీదే కూర్చుని తెలిసిన ప్రతి నంబరుకూ ఫోన్ చేశాను. ఆయన జాడ ఎవరికీ తెలియదు.

చివరికి ఇంటికి చేస్తే నాన్నే ఎత్తారు.

"నా మీద గెలిచినాయప్ప ఇంటికి పోయి దండేసొచ్చినా. దానికి ఇంత ఏడుస్తారా మ్మా?" అన్నారు.

ఆ తర్వాత ఆయన ఎన్నికల్లో నిలబడలేదు. గెలిచిన రెండుసార్లూ ఊరంతా ఊరేగింపే. నేను మాత్రం మా పిల్లలకు, తాతయ్య ఒంటరిగా వెళ్లిన ఆ రోజు గురించే చెబుతాను.