‘ఖాయమేనా’ వెంకటరామయ్యగారు

“ఖాయమేనా?” అని ఎవరైనా అడిగితే అవునని చెప్పగలిగిన మనిషి కాదు వెంకటరామయ్యగారు. ఆయన పెళ్ళిలో పురోహితుడు “కానివ్వండి” అనాల్సింది పోయి “కానిద్దామా?” అన్నాడట. అంతే, ఈయన ఆలోచనలో పడ్డారు. ముహూర్తం దాటిపోయి, వంటకాలు చల్లారిపోయి, చివరికి పెళ్ళికూతురు బాలాత్రిపురసుందరిగారే మంగళసూత్రం లాక్కుని మెళ్ళో వేసుకున్నారని ఫిల్మ్‌నగరంతా చెప్పుకుంటారు. మొదట చెప్పింది మాత్రం సుహాసే.

సుహాస్ ఇంజనీరింగ్ రెండో ఏట వదిలేసిన ఘనుడు. హైదరాబాదుకి ఇంటర్నెట్ తెచ్చింది తనేననీ, హైటెక్ సిటీ వాళ్ళు తర్వాతొచ్చి గుడారాలు వేసుకున్నారనీ కోసేవాడు. అంతటివాడు వెంకటరామయ్యగారితో కలిసి, ఫిల్మ్‌నగర్‌లో ఓ మేడమీద గదిలో సినిమాలకి వెబ్‌సైట్లు పెట్టే పని మొదలెట్టాడు. సర్వరు ఎక్కడో సముద్రాల అవతల ఉంటుంది. ఇక్కడ బ్రౌజరు తెరిచి, పాస్‌వర్డ్ కొడితే చాలు, ఫైళ్ళు ఎక్కించడం, పేర్లు మార్చడం, తీసెయ్యడం అన్నీ అందులోనే. ఎక్కించడంలో పెద్దాయనకి సాటి లేదు. తీసెయ్యడం దగ్గరే వచ్చింది చిక్కు. ఫైలు పక్కన టిక్కు పెట్టి డిలీట్ నొక్కగానే “ఆర్ యూ ష్యూర్?” అంటూ ఓ పెట్టె లేస్తుంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు.

“ఖాయమేనా అని అడుగుతోందయ్యా.”

“అది అందర్నీ అడుగుతుందండీ.”

“అడిగినప్పుడు ఆలోచించాలి కదా.”

ఆలోచించి, క్యాన్సిల్ నొక్కేవారు.

అలా అలా సర్వరు కిటకిటలాడిపోయింది. సగం ఆగిపోయిన సినిమాలే. కొబ్బరికాయ కొట్టాక గుమ్మడికాయ దాకా రానివి, హీరో అలిగినవి, నిర్మాత పరారైనవి.

డాట్‌కామ్‌ల గాలి తిరగబడ్డాక వాళ్ళకి మిగిలిన ఒకే ఒక్క పార్టీ, జూబ్లీ హిల్స్ నిర్మాత సత్యనారాయణమూర్తిగారు. ఆయన కొత్త సినిమా ఆడియో ఫంక్షన్ ఆ సాయంత్రమే. స్టేజి మీద వెబ్‌సైటు తెరిచి చూపించాలి. చూపించలేకపోతే పని ఇంకొకరికి, గదికి తాళం. సుహాస్ పొద్దుటినుంచీ ఫోటోలు ఎక్కిస్తూనే ఉన్నాడు. ప్రతిసారీ గట్టు దాకా వెళ్ళడం, జాగా లేదంటూ సర్వరు వెనక్కి తన్నడం. మూర్తిగారు ఫోన్లో, ఆ పాత చెత్తంతా పీకి పారెయ్యమని కేకలేశారు. పెద్దాయన టిక్కు పెట్టారు. పెట్టె లేచింది. కళ్ళజోడు తీశారు. సుహాస్‌కి బోరబండ స్టేషన్‌కి పోయి, ఏ రైలొస్తే ఆ రైలెక్కి పారిపోదామనిపించింది.

ఆయన భోజనానికి మెట్లు దిగగానే, ఆగిపోయిన సినిమాలన్నిటికీ టిక్కులు పెట్టేశాడు. సర్వరు అడిగింది. సుహాస్ ఆలోచించలేదు.

ఫంక్షన్ బ్రహ్మాండంగా జరిగింది. మర్నాడు మూర్తిగారు స్వయంగా మెట్లెక్కి వస్తోంటే, పొగడ్తల కోసం సుహాస్ చొక్కా సర్దుకున్నాడు.

“నా గుర్రం ఏదయ్యా?” అన్నారాయన.

సుహాస్ బిక్కమొహం వేశాడు. వెంకటరామయ్యగారే మెల్లిగా విప్పి చెప్పారు. మూర్తిగారు ఒకప్పుడు తణుకు నుంచి హీరో అవుదామని వచ్చారు. ఒక్క పాట తీశాక సినిమా ఆగింది. గుర్రం మీద మీసం తిప్పుతున్న ఫోటో మిగిలింది. దాన్ని పెద్దాయన అడిగి తీసుకుని సైటులో పెట్టారు. రోజూ కాఫీతో పాటు దాన్ని చూసుకున్నాకే మూర్తిగారు నిర్మాత అవతారం ఎత్తేది. చెత్తంటే పక్కవాళ్ళ సినిమాలే అనుకున్నారు పాపం.

ఎవరు తీసేశారని అడిగారు మూర్తిగారు. ఇక గదికి తాళమే అనుకున్నాడు సుహాస్.

“నేనేనండీ,” అన్నారు వెంకటరామయ్యగారు.

“మీరా? ఖాయమేనా?”

“ఖాయమండీ.”

కళ్ళజోడు ముట్టుకోలేదు. ఊపిరైనా పీల్చలేదు. మూర్తిగారు ఆయన వంకా, సుహాస్ వంకా మార్చి మార్చి చూశారు. చీమంతైనా నమ్మలేదు. అయినా పెద్దాయన మాట తోసెయ్యలేక, అసలు ఫోటో ఇంట్లో ఉంది, తెస్తానని దిగి వెళ్ళిపోయారు.

సుహాస్ కుర్చీలో కూలబడ్డాడు. మరి ఆ మిగతావన్నీ ఎవరికోసం దాచారని అడిగాడు.

“ఆగింది సినిమాయేనయ్యా. అందులో వేసినవాళ్ళు పిల్లలకి చూపించుకోవద్దూ?” అంటూ ఆయన ఫోను అందుకున్నారు. ఫోటోలు పట్టుకు రమ్మని ఒక్కొక్కరికీ కబురు పెట్టారు.

మధ్యాహ్నానికి మెట్లు నిండిపోయాయి. ఇడ్లీబండి పెట్టుకున్న విలన్, బట్టలు కుట్టుకుంటున్న హీరో, రహమత్ నగర్ నుంచి బామ్మ వేషాల దేవమ్మ, అందరి చేతుల్లోనూ కవర్లే. స్కానరు ముందు సుహాస్ చెమటలు కక్కుతున్నాడు. ఇంతలో మూర్తిగారు కారు దిగి, ఫోటో గుండెకి హత్తుకుని, జనాన్ని తోసుకుంటూ పైకి రాబోయారు. ఆయనెవరో ఎరగని దేవమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“ఏడికి బిడ్డా? లైన్ల రా. గీడున్నయన్నీ ఆగిన సిన్మాలే.”

మూర్తిగారు వెళ్ళి వరసలో చివర నిలబడ్డారు. కాసేపాగి, ఉండబట్టలేక, ఫోటోని చేతులమీదుగా ఆమె దాకా పంపించారు. దేవమ్మ దాన్ని ఎగాదిగా చూసి, గుర్రమైతే మంచిగున్నదని ఒప్పుకుంది.