తాత చెవికి పెట్టిన పరీక్ష

మొన్న విజయనగరంలో చెవి మిషను పెట్టించుకుందామని వెళితే, రబ్బరు వాసన కొట్టే గదిలో, చుట్టూ స్పీకర్ల మధ్య నన్ను కూర్చోబెట్టి, "శబ్దం ఎటునుంచి వస్తే అటు వేలు చూపించండమ్మా" అంది డాక్టరమ్మ. నాకు నవ్వాగలేదు. ఇదే పరీక్ష అరవైల చివర్లో మా పెరట్లో జరిగింది మరి.

గజపతినగరం దగ్గర మా ఊళ్ళో, నానబెట్టిన గోగునార కంపుకి ముక్కులు మూసుకుని తిరిగే రోజుల్లో, తాతకి ఎడమ చెవి పూర్తిగా పోయింది. మాట వినిపించేది గానీ ఎటునుంచో తెలిసేది కాదు. నాయనమ్మ వంటింట్లోంచి పిలిస్తే వీధిలోకెళ్ళి వెతికేవాడు. మేం పడీపడీ నవ్వేవాళ్ళం. ఓసారి సంత దారి మలుపులో వెనక లారీ హారను కొడితే ముందు నుంచనుకుని, తప్పించబోయి వంకాయ బుట్టలతో సహా బండిని మడిలోకి దింపేశాడు.

"ఇంక నువ్వు బండి తోలొద్దయ్యా" అన్నాడు నాన్న. ముప్ఫై ఏళ్ళు తోలిన మనిషి ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు తనే పరీక్ష పెట్టమన్నాడు. ఓడితే చెర్నాకోల నాన్నకిచ్చెయ్యాలి.

నాయనమ్మ తువ్వాలుతో ఆయన కళ్ళు కట్టింది. పిల్లలం నలుగురం కంచు పళ్ళేలు, గరిటెలు పట్టుకుని తలో మూలా నిలబడ్డాం. నేను గడ్డికుప్ప దగ్గర వాయిస్తే తాత పక్కింటి కప్పుని చూపించాడు.

"ఎద్దు లేకుండా బండి తోల్తానేటి? ఎర్రెద్దుని తేరా!" అని గదమాయించాడు. తెచ్చాక, నిమురుతున్నట్టు దాని తల మీద చెయ్యేసుకున్నాడు. మూడుసార్లు వాయిస్తే మూడుసార్లూ సరిగ్గా చూపించాడు! నాన్న నోరెళ్ళబెట్టాడు. నాలుగోసారి నేను నూతి దగ్గర వాయిస్తుంటే, నాయనమ్మ కుడితి బాన పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. తాత వేలు తిన్నగా ఆవిడ మీదికెళ్ళింది. "అదుగో, అక్కడే!"

"నానేటి, కంచు పళ్ళేన్నా?" అంది నాయనమ్మ.

అప్పుడు చూశాం. ఎద్దు చెవి కుడితి వైపు తిరిగి ఉంది, ఆ చెవి మొదట్లో తాత బొటనవేలుంది. బళ్ళో మేం కాపీ కొడితే తొడపాశం పెట్టేవారు. తాతని ఎవరేం చేస్తారు?

"ఇది దొంగ పరీక్ష" అన్నాడు నాన్న.

"దాని సెవి నా సెవి కాదేటి?" అన్నాడు తాత, ఎద్దు తల మీంచి చెయ్యి తియ్యకుండానే. నాకు ఏడుపొచ్చింది.

"తోలనీరా. ఎద్దుల్లేకుండా బండి ఎల్లదు గదా!" అని నాయనమ్మ తేల్చేసింది.

ఆ తర్వాత బండెక్కితే ఆయన చూపు ఎర్రెద్దు చెవుల మీదే. మళ్ళీ ఎప్పుడూ మడిలో దిగలేదు. నాలుగేళ్ళకి ఆ ఎద్దు పోయింది. కొత్త జత వచ్చిన రోజు తాత వాటి తలలు నిమిరి, ఎవరూ అడక్కుండానే చెర్నాకోల నాన్న చేతిలో పెట్టేశాడు.

ఇప్పుడు మా ఊళ్ళో ఒక్క ఎద్దూ లేదు. ఎద్దుల శాలలో ట్రాక్టరుంది. దానిమీద కూర్చుంటే, రెండు చెవులూ బాగున్నవాడికి కూడా ఏమీ వినిపించదు.