సిస్టం లేచేదాకా

కొత్త ఆపరేటింగ్ సిస్టం వేసుకోవాలా వద్దా అని ఎవరైనా అడిగితే, నేను ముందు కంప్యూటర్‌ని ఆపి మళ్లీ ఆన్ చేయమంటాను. అది లేచేదాకా పక్కనే నిలబడి వింటాను. మొన్న కోరుట్లలో ఎరువుల దుకాణాయన నవ్వి, "ఏమింటున్నరు సార్, గుండె కొట్టుకుంటుందా అనా?" అన్నాడు. ఏమీ లేదన్నాను. ఆయన కంప్యూటర్ మామూలు చప్పుడే చేసింది. అప్పుడుగాని నాకు ఊపిరాడలేదు.

జగిత్యాల చుట్టుపక్కల నా పనే ఇది. ఎవరికి మార్పు అవసరమో, ఎవరు పాతదానితోనే నెట్టుకురావచ్చో చెప్పడం. అందుకు ఒక కాగితం నిండా ప్రశ్నలు రాసి పెట్టుకున్నాను. ప్రింటర్ ఎప్పటిది, బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేర్ కొత్తదాని మీద నడుస్తుందా, ఫైళ్లు ఎక్కడ దాచారు. ఆ కాగితం చూసుకుని కాస్త పొగరు కూడా ఉండేది. సిరిసిల్లలో అది దిగిపోయింది.

చీర అంచులకు డిజైన్లు గీసిచ్చే ఇల్లు అది. ముందు గదిలో కంప్యూటర్, వెనక షెడ్డులో నాలుగు సాంచాలు. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. అవి నడుస్తుంటే పక్క మనిషి మాట వినపడదు. డిజైన్లు గీసే ఆయన చనిపోయి ఏడాదైంది. పని ఆయన భార్య చేతికి వచ్చింది. పాత సిస్టం మీద బ్యాంకు సైటు తెరుచుకోవడం లేదు, ఆర్డర్లిచ్చే సేట్లు పంపే ఫైళ్లూ తెరుచుకోవడం లేదు. ఆన్ చేస్తే లేవడానికి పావుగంట పడుతుందని ఆమే చెప్పింది. అయితే అది ఫిర్యాదులా అనిపించలేదు. నేను వెళ్లేసరికి అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉండేది.

దాని స్పీకర్ బల్ల మీద లేదు. పొడుగాటి వైరుతో వంటింటి గడప దాకా వెళ్లి, అక్కడ మేకుకు వేలాడుతోంది. పాటల కోసమేమో అనుకున్నాను. అడగాల్సింది.

"మార్చాల్సిందే చెల్లె. ఇట్లనే ఉంచితే ఏదో ఒకనాడు డిజైన్లన్నీ పోతయి," అన్నాను.

"మారిస్తే అన్నీ ఉంటయా అన్నా?"

"అన్నీ ఉంటయి."

"ఆయనయి?"

"ఆయనయి ఒక్కటి గూడ పోనియ్య."

డిజైన్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేశాను. పాత డిస్కును శుభ్రంగా తుడిచి కొత్త సిస్టం ఎక్కించాను. డిజైన్లు మళ్లీ అందులో పెట్టి, ఒక్కొక్కటీ తెరిచి చూశాను.

అప్పగించిన పొద్దున ఆమె పొయ్యి మీద గిన్నె పెట్టింది గాని వెలిగించలేదు. వచ్చి బటన్ నొక్కి, మళ్లీ వంటింటి గడపలో నిలబడింది. నేను నాలుగు గుటకల మంచినీళ్లు తాగేలోపే తెర వెలిగింది.

"చూసినవా చెల్లె, ఎంత జల్ది అచ్చిందో," అన్నాను మెప్పు కోసం.

ఆమె తెర వైపు చూడలేదు. స్పీకర్ వైపు చూస్తూ అలాగే ఉండిపోయింది. వైరు ఊడిందేమోనని నేను లేచాను.

"ఆయన గొంతు అన్నా," అంది.

ఆయన బటన్ నొక్కి షెడ్డులోకి పోయేవాడట. సిస్టం లేచేటప్పుడు వచ్చే చప్పుడు తీసేసి, తన గొంతు రికార్డు చేసి పెట్టాడట. 'సిస్టం అచ్చింది, చాయ్ పెట్టు.' ఆ మాట వంటింట్లో వినపడితే ఆమె పొయ్యి వెలిగించేది. సాంచాల మోత దాటాలని గట్టిగా అరిచి మరీ రికార్డు చేశాడట.

"ఆయన పోయినంక గూడ దినాం పొద్దుగాల చాయ్ పెట్టుమన్నడు. ఇయ్యాల అనలే."

ముందే ఎందుకు చెప్పలేదని ఆమెను అనడానికి లేదు. అన్నీ ఉంటాయన్నది నేను. ఆ గొంతు డిజైన్లలో లేదు, పాత సిస్టం లోపల ఉంది. నేను తుడిచింది దాన్నే. పోయిన ఫైళ్లను వెతికే సాఫ్ట్‌వేర్లు పెట్టి మూడు రోజులు ఆ డిస్కు మీద కూర్చున్నాను. ఏమీ దొరకలేదు. ఆమె మాత్రం "డిజైన్లు ఉన్నయి గదన్నా, బతుకుతం," అంది. తిట్టినా బాగుండేది.

నెల తర్వాత ప్రింటర్ పని చేయడం లేదని ఆ ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. పొద్దున్నే వెళ్లాను. వెనక సాంచాలు మోగుతున్నాయి. ఆమె వంటింటి గడపలో గోడ గడియారం చూస్తూ నిలబడి ఉంది. స్పీకర్ ఇంకా మేకుకే ఉంది. నేను ప్రింటర్ వైరు పెట్టి, కంప్యూటర్ ఆన్ చేశాను. తెర వెలిగింది. ఆ మోతలో ఆమెకు వినపడాలని, ఏ దుకాణంలోనైనా అనే మాటే గట్టిగా అన్నాను.

"సిస్టం అచ్చింది."

నోరు దాటాకగాని అది ఎవరి మాటో నాకు తట్టలేదు. ఆమె ఉలిక్కిపడి నా వైపు చూసింది. తర్వాత లోపలికి వెళ్లి, పొయ్యి వెలిగించింది.