మెట్ల కింద బావి

ఎనిమిదేళ్లుగా నేనొక బావిని మోస్తున్నాను. నీళ్లున్న బావి కాదు, పూడ్చిన బావి. రాళ్లు, పగిలిన పెంకులు, ఎర్రమట్టి, అన్నీ నా రొమ్ము మీదే పోసినట్టుంటుంది. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పుకుంటున్నాను.

ముందు నేనెలాంటివాణ్ణో మీకు తెలియాలి. చింతామణి నుంచి బాగేపల్లి దాకా నా కాలు పడకుండా ఒక్క పునాది లేవలేదు. చిక్కబళ్లాపురం కాంట్రాక్టర్లు కార్లు పంపి పిలిపించుకునేవాళ్లు. గడ్డపారతో నేలను ఒక్క పోటు పొడిచి, చెవి వంచి విని, ఇన్ని అడుగులకు గట్టి నేల అని చెబితే, అంగుళం అటూ ఇటూ అయ్యేది కాదు.

చూశారా! తప్పు ఒప్పుకుంటానని కూర్చుని మొదట్లోనే కోతలు కోస్తున్నాను. కారు వచ్చింది ఒక్కసారి. అదీ నా కోసం కాదు, దారిలో కనిపిస్తే ఎక్కించుకున్నారు. నేను చూసిన పునాదులు ముప్పై దాటవు, పశువుల కొట్టాలు, ప్రహరీ గోడలు కలుపుకుని. గుడిబండెలో ఒకాయనకు ఆరడుగులన్నాను. పదకొండడుగులు తవ్వినా గట్టి నేల రాలేదు. ఆ తర్వాత ఏడాది పాటు నేను గుడిబండె బస్సే ఎక్కలేదు.

కానీ ఒకటి మాత్రం నిజం. నేను మేస్త్రీని. మా వైపు ఇల్లు మొదలుపెట్టేవాళ్లు ముగ్గు పోయకముందే తాంబూలం పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు. నేను పిడికెడు మట్టి తీసుకుని, తడిపి, పిసికి, వాసన చూసేవాణ్ణి. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగపట్టి నా మొహం చూస్తూ నిలబడేవాళ్లు. కావాలనే కాస్త ఆలస్యం చేసేవాణ్ణి. గోడ ఎవరు కట్టారో నాలుగేళ్లకు అందరూ మరిచిపోతారు. ఆ నాలుగు నిమిషాల చూపులే నా సంపాదన.

ఆ చూపుల్ని శైలజ ఎత్తుకుపోయింది. ఎత్తుకుపోయిందని అప్పుడు అనుకున్నాను.

జంగమకోటెలో పట్టుపురుగులు పెంచే ఇంటి పిల్ల. ఇంజనీరింగ్ చదివి, చింతామణి బస్టాండు ఎదురుగా మేడ మీద గది తీసుకుని బోర్డు పెట్టింది. మట్టి పరీక్ష చేస్తుంది, పునాది ఎంత లోతుండాలో, ఇనుప కంబి ఎంత వేయాలో రాసిస్తుంది. ఏడాది తిరక్కుండానే మిద్దె మీద మిద్దె వేసేవాళ్లందరూ ఆ మెట్లెక్కడం మొదలుపెట్టారు. నా గుమ్మం ముందు తాంబూలాలు తగ్గిపోయాయి. నేను రోజూ ఏదో పని కల్పించుకుని ఆ బోర్డు ముందు నుంచే నడిచేవాణ్ణి. ఎందుకు? పుండును గెలుకుతూ ఉంటే ఒక సుఖం ఉంటుంది, అందుకేనేమో.

అప్పుడు నారాయణరెడ్డి వచ్చాడు. బాగేపల్లి మనిషి, మామిడికాయల వ్యాపారి. చింతామణి అంచున కొత్త లేఅవుట్లో స్థలం కొని, కింద అంగళ్లు, పైన రెండంతస్తుల ఇల్లు కట్టాలనుకున్నాడు. నేల చూసే పని శైలజకు ఇచ్చాడు. నాకు ప్రహరీ గోడ ఇచ్చాడు.

ఆ స్థలం నాకు తెలుసు. మీసాలు కూడా సరిగ్గా రాని వయసులో అక్కడ కూలికి పోయాను. అప్పుడది మల్బరీ తోట. మధ్యలో ఎండిపోయిన దిగుడు బావి ఉండేది. బోరు పడ్డాక ఆ రైతు దాన్ని పూడ్పించాడు. మేం ఐదుగురం కలిసి పూడ్చాం. అడుగున చెత్తా చెదారం, రాళ్లు, పెంకులు. పైన పది పన్నెండడుగులు మాత్రం మంచి మొరం పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టాం. పైనుంచి తవ్విన ఎవరికీ అనుమానం రాదు. పనితనం అలాంటిది. ఆ రైతు పోయాడు, నాతో పూడ్చిన నలుగురూ పోయారు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

పరీక్ష రోజున నేనూ వెళ్లాను. మూడు కాళ్ల ఇనుప చట్రం నిలబెట్టి, నేలలోకి దింపిన కడ్డీ మీద బరువైన సుత్తిని ఎత్తి ఎత్తి వదులుతున్నారు. అడుగు దిగడానికి ఎన్ని దెబ్బలు పడితే నేల అంత గట్టి అని లెక్క. కూలీలు కన్నడలో ఒందు, ఎరడు, మూరు అని అరుస్తుంటే ఆమె పుస్తకంలో రాసుకుంటోంది. చుట్టూ జనం. అందరూ ఆమె మొహమే చూస్తున్నారు.

"అప్పా, నువ్వు పక్కకొచ్చి కూచో. సుత్తి తగుల్తాది" అన్నాడు రెడ్డి.

నేను జరగలేదు. "ఏమమ్మా, ఎన్ని దెబ్బలు కొడితే నిజం చెప్తాదంట భూమి? పోలీసుస్టేషన్ అనుకొన్యావా?" అన్నాను.

జనం నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అదే నాకు నచ్చలేదు.

"నువ్వు గడ్డపారతో చెవి పెట్టి ఇన్నిందే, నేను లెక్క పెట్టి రాసుకుంటాండా అప్పా. అంతే తేడా" అంది. రెడ్డి మొదటి కొబ్బరి బోండాం కొట్టించి ఆమెకు ఇవ్వబోతే, "ముందు పెద్దాయనకియ్యప్పా" అంది.

తీసుకున్నాను. తాగాను కూడా.

అసలు కడుపుమంట ఇది కాదు, వినండి. ప్రతి దెబ్బకూ నేనూ చెవి పెట్టి వింటున్నాను. తొమ్మిదడుగుల దగ్గర గట్టి నేల తగులుతుందని మనసులో అనుకున్నాను. ఆమె పుస్తకం మూసి తొమ్మిదడుగులంది. ఆమె తప్పు చెప్పి ఉంటే బహుశా క్షమించేవాణ్ణి. సరిగ్గా చెప్పింది. నేను నలభై ఏళ్లు చెవులరగదీసుకుని నేర్చుకున్నది ఆ పిల్ల ఒక పూటలో, చెమట తుడుచుకుంటూ చెప్పేసింది. ఇక నేనెందుకు?

నాలుగు మూలలా నాలుగు రంధ్రాలు, మధ్యలో ఒకటి వేశారు. బావి మధ్య రంధ్రానికీ వెనక మూలకూ నడుమ ఎటూ కాకుండా ఉండిపోయింది. సరిగ్గా మెట్ల స్తంభం లేచే చోట. నాకు తెలుసు. గమ్మున ఉన్నాను. నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. చెప్పేవాణ్ణేనా? చెప్పేవాణ్ణనే అనుకుంటాను. మధ్యాహ్నం మా ఆవిడ అన్నం క్యారియర్ తెచ్చింది, తిని ఇంటికొచ్చేశాను. మట్టిని అడగడం తెలిసినదానికి మనిషిని అడగడం తెలియలేదని దారి పొడుగునా నాలో నేను నవ్వుకున్నాను.

రెండు వానాకాలాలు ఆ ఇల్లు నిలబడింది. రెడ్డి ఇంటి ఆడవాళ్లు ఆ మెట్ల మీద బట్టల బకెట్లు మోసుకుని ఎక్కి దిగుతుంటే ప్రహరీ పక్కనుంచి చూసేవాణ్ణి. ఏ రోజైనా చెప్పొచ్చు. చెప్పలేదు. మూడో వానాకాలంలో మెట్ల వైపు కుంగింది. గోడలో నాలుగు వేళ్లు దూరేంత బీట. ఎవరికీ ఏమీ కాలేదు. అది నా గొప్ప కాదు.

స్తంభం పక్కన తవ్వితే పెంకులు బయటపడ్డాయి. శైలజ గుంత గట్టున నిలబడి, చేతిలో పెంకు ముక్క పట్టుకుని, నా వైపు ఒక్కసారి చూసింది. తర్వాత రెడ్డితో, "తప్పు నాదే అప్పా. ఇంకో చోట కూడా వేసి చూడాల్సింది" అంది. ఇరవై రోజులు దగ్గరుండి ఆ బావిని పెళ్లగింపజేసి, కాంక్రీటుతో నింపించింది. ఇల్లు నిలబడింది. ఆమె పేరు నిలబడలేదు. నేను నిలబడనివ్వలేదు. పేరేసంద్ర టీ అంగడి నుంచి చింతామణి మార్కెట్ దాకా, "నేనప్పుడే చెప్పినా, నా మాట ఇన్లేదు" అని ఊరూరా చాటాను. ఏడాదికి బోర్డు దిగింది. ఇప్పుడు బెంగుళూరులో ఎవరి కిందో జీతానికి చేస్తోందట. బస్టాండులో దిగితే నా కళ్లు ఆ మేడ మీదికే పోతాయి. బోర్డు కొట్టిన నాలుగు మేకుల గుర్తులు ఇంకా ఉన్నాయి.

తాంబూలాలు తిరిగొచ్చాయా? రెండు వచ్చాయి. మట్టి పిసికి, వాసన చూడకుండానే కింద పోశాను. ఇద్దరికీ, ఎవరైనా ఇంజనీరుకు చూపించుకోండని చెప్పి పంపించాను.

ఇదీ నా తప్పు. తెలిసీ చెప్పకపోవడం. రాశాక కొంచెం ఊపిరాడుతోంది. క్షమించమని మిమ్మల్ని అడగను, మీరు ఇవ్వగలిగింది కాదది.

ఒక్క మాట. రాసింది నిన్న మా ఆవిడకు చదివి వినిపించాను. నానిన అనపగింజల తొక్క పితుకుతూ విన్నది. అయిపోయాక చేతులు పళ్లెంలోనే పెట్టి అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను.

"అబద్ధం రాసినావు."

"యాడ?"

"అడగలేదని రాసినావే, ఆడ. క్యారియర్ పట్టుకొని నేను నీ పక్కనే నిలబడుకొని ఉంటి. 'ఈడ పాత బావి గాని, గుంత గాని ఉన్నిందా అప్పా' అని ఆ పాప రెండుసార్లు అడిగె. నువ్వు ఆ బోండాం ఎళనీళ్లు తాగి, మూతి తుడుచుకొని చెప్తివి. తెలీక చెప్పినాడేమోలే అని ఇన్నేండ్లూ గమ్మునున్నింది నేను. నువ్వు గాదు. నువ్వు 'లేదమ్మా, అంతా గట్టి నేలే' అంటివి."