రెయినో తాత బిగించిన మర

నేలమాళిగలోని కరెంటు పెట్టెను మా తాత రెయినో తన చేత్తోనే బిగించాడు. ముప్పయ్యేళ్లు సిటీ బస్సు నడిపినవాడికి ఈ పనెందుకని అడిగితే, బస్సులోనూ తీగలే ఉంటాయనేవాడు. చమురు హీటరు పీకేసి కరెంటుది పెట్టించిన ఏడు, ఇల్లంతటినీ వెచ్చబెట్టే ఆ పెద్ద యంత్రానికి లావుపాటి అల్యూమినియం తీగ లాగింది కూడా ఆయనే. థండర్ బే ఊళ్లో స్థిరపడ్డ మా ఫిన్లాండ్ వాళ్లందరికీ ఆ సంగతి తలా రెండుసార్లయినా చెప్పి ఉంటాడు.

ఈ జనవరిలో చలి సున్నాకి ముప్పై డిగ్రీల కిందికి దిగింది. హీటరు లేచినప్పుడల్లా పెట్టె జుమ్మనడం, వంటింటి దీపం మసకబారడం మొదలైంది.

"వింటున్నావా?" అంది ఐలీ మామ్మ మెట్ల మీంచి.

"చలికి ఇనుము మూలుగుతోందే. నా మోకాళ్లు మూలగట్లా?" అన్నాడు తాత.

"నీ మోకాళ్లు మూలిగితే దీపాలు మసకబారవు."

"బ్రేకరు పడిపోలేదుగా? ప్రమాదమైతే అదే పడిపోయి కరెంటు ఆపేస్తుంది. పెట్టింది ఎవరనుకున్నావ్!"

"నువ్వు పెట్టావనేగా నా భయం."

ఆపైన వాసన. అచ్చం చేపల కంపు. దానికీ తాత దగ్గర జవాబుంది. పెట్టె కిందే ఆయన ఉప్పులో ఊరేసిన సరస్సు చేపల బకెట్టు ఉండేది. మనవాళ్ల నేలమాళిగ చేపల వాసన వేయకపోతేనే అనుమానించాలన్నాడు. మామ్మ మాట పెంచలేదు. బకెట్టు మోసుకెళ్లి పెరటి షెడ్డులో పెట్టొచ్చింది. మూడు రోజులు గడిచినా, హీటరు లేచినప్పుడల్లా కంపు కూడా లేచింది.

"చేపలు షెడ్డులో రాళ్లలా గడ్డకట్టాయి. మరి ఇక్కడ ఉడుకుతున్నదేంటి?"

తాత పెట్టె మూత మీద అరచేయి పెట్టి, చటుక్కున తీసేశాడు. వేడిగా ఉంది. ఇల్లు తగలబడుతుందన్న భయం ఒకటి, ఎవరో మూత తీసి తన పనితనం చూస్తారన్న భయం ఇంకొకటి. సిగ్గుచేటు ఏమిటంటే, ఆయనకి రెండోదే పెద్దగా ఉంది.

"ఇవాళ ఎవర్నీ పిలవకపోతే మా చెల్లెలింటికి పోతా. నువ్వూ నీ పెట్టే కలిసి కాలండి" అంది మామ్మ.

ఫోను చేశాడు. టానిస్ అనే ఎలక్ట్రీషియన్ పిల్ల వచ్చి, మెయిన్ స్విచ్చు కట్టేసి, టార్చి వెలుగులో మూత విప్పింది. హీటరు తీగ కొస బొగ్గులా మాడిపోయి ఉంది. దాన్ని పట్టి ఉంచాల్సిన మర వదులుగా కదులుతోంది.

"అల్యూమినియం వేడెక్కితే ఉబ్బుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. అలా అలా మర ఇంకా వదులైంది. హీటరు కరెంటు గుంజినప్పుడల్లా అక్కడే రవ్వలు, ఆ మోత. చేపల కంపు మాడిన ప్లాస్టిక్‌ది. కరెంటు హద్దు దాటలేదు కాబట్టి బ్రేకరుకి ఏమీ తెలీదు. అసలు మొదట్లోనే సరిగ్గా బిగించలేదు పెద్దాయనా. ఎవరు చేశారిది?"

తాత గొంతు సవరించుకున్నాడు. "ఎవడో బస్సు డ్రైవరు."

"దొరికితే నాలుగు తన్నాలి."

"పొద్దున వాడికి కాఫీ పోసింది నేనే. తెలిస్తే మానేద్దును" అంది మామ్మ.

టానిస్ తలొంచుకుని మాడిన కొస కత్తిరించింది. కొత్త బ్రేకరు వేసి, మరను కొలత చూసి బిగించేసరికి రెండు గంటలు పట్టింది. అంతసేపూ ముసలివాళ్లిద్దరూ కోట్లు తొడుక్కుని వణుకుతూ కూర్చున్నారు. మెయిన్ వేస్తే ఒక్క టిక్కు వినిపించి హీటరు లేచింది.

"ఆ టిక్కు హీటరుది, అది ఉండాల్సిందే. పెట్టె మాత్రం నోరెత్తకూడదు" అంటూ ఆ పిల్ల కాగితం తీసింది. "పాత పని చేసినవాళ్ల పేరు రాయమంటారిక్కడ. తెలీదని రాసెయ్యనా?"

తాత మామ్మ వంక చూశాడు. ఆవిడ విప్పిన కోటు మడత పెడుతోంది, తలెత్తలేదు.

"తెలుసమ్మా. రెయినో కోస్కెలా అని రాయి. మిగతా మరలు కూడా ఆ వెధవే బిగించాడు. అవీ చూసి పో."

టానిస్ మళ్లీ మెయిన్ కట్టేసింది. మామ్మ మడత విప్పి కోటు తొడుక్కుంది. తాత కోటు కూడా తెచ్చి ఆయన భుజాల మీద వేసి, పక్కనే కూర్చుంది.