స్కాన్ చేయని మిషన్

నా పని ఏమిటని ఎవరైనా అడిగితే ఈమధ్య 'కంప్యూటర్లు' అని చెప్పి ఊరుకుంటున్నాను. విడమరిచి చెప్పే ఓపిక పోయింది. ఆసుపత్రులకూ కాలేజీలకూ వెళ్లి, వాళ్ల నెట్‌వర్కులో ఏయే కంప్యూటర్లున్నాయి, బయటివాడు దూరే సందు ఎక్కడుంది అని వెతికి రిపోర్టు రాసివ్వడం నా ఉద్యోగం. వీధిలో ప్రతి ఇంటి తలుపూ తట్టి, గడియ పెట్టుకోనివాళ్లెవరో రాసుకున్నట్టుంటుంది. తట్టేది నేను కాదు, స్కానర్ అనే ప్రోగ్రామ్. ఎవరెవరో కలిసి రాసి లోకానికి ఊరికే ఇచ్చారు. లోపల ఏముందో ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. "ఊరికే వచ్చేదానికి మళ్లీ మీరెందుకండీ?" అని ప్రతిచోటా ఒకాయన అడుగుతాడు. మొదట్లో నవ్వేవాణ్ణి. ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

రెండేళ్ల కిందట, మే నెలలో, బెజవాడలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాను. పొద్దున్న ఎనిమిదికే చొక్కా తడిసిపోయింది. ల్యాబ్ ముందు పామర్రు నుంచీ మైలవరం నుంచీ మొదటి బస్సుకు వచ్చినవాళ్లు పరగడుపున కూర్చుని ఉన్నారు. ల్యాబ్ చూసుకునేది ఒకావిడ. నాకంటే ఐదారేళ్లు పెద్ద. పన్నెండేళ్లుగా అక్కడే పనిచేస్తోంది. రక్తపరీక్షల మిషన్ దగ్గరికి వెళ్లబోతుంటే నన్ను ఆపింది.

"దీని జోలికి రాకండి సార్. పోయినేడు మీలాంటాయనే ఏదో స్కాన్ చేస్తే బిగుసుకుపోయింది. హైదరాబాద్ నుంచి మెకానిక్ వచ్చేదాకా రెండ్రోజులు ల్యాబ్ మూత. మెమో నాకిచ్చారు. ఇంకోసారి ఏమన్నా అయితే ఇంటికి పంపేస్తామన్నారు."

ఆవిడ భయం ఉత్తది కాదు. అలాంటి మిషన్లకు తగిలించే కంప్యూటర్లు పాతకాలంవి. స్కానర్ గబగబా తలుపులు తట్టిందంటే జవాబు చెప్పలేక పడిపోతాయి. నెమ్మదిగా చేసే పద్ధతి ఉంది గానీ, శాంపిల్స్ లేని రోజు పెట్టుకోవాలి, పక్కన మిషన్ తెలిసిన మనిషి ఉండాలి. నేను నోరు తెరిచి ఇవన్నీ చెప్పకముందే ఆవిడే అంది.

"ఆదివారం పెట్టుకోండి సార్. ఆ రోజు ల్యాబ్ ఉండదు. చర్చిలో ఆరాధన అయ్యాక రెండింటికల్లా నేను వచ్చి తాళం తీస్తాను. నిదానంగా చేసుకుందురుగాని."

సరిగ్గా చేయవలసిన పని అదే. నాకు తెలుసు. కానీ అప్పటికి మూడు వారాలుగా సెలవు లేదు. ఆ వారంలో అది నాలుగో ఆసుపత్రి. ఆదివారం మిట్టమధ్యాహ్నం, ఆ ఎండలో మళ్లీ రావాలంటే ప్రాణం ఉసూరుమంది.

"ఎందుకులెండి మేడమ్, ఒక్కదాన్ని వదిలేస్తే కొంపలేం మునగవు" అన్నాను. ఆవిడ మొహం తేటపడింది. టీ తెప్పించింది కూడా.

ఫలానా కంప్యూటర్‌ను వదిలేయమని స్కానర్‌కు ఒక్క ముక్క చెబితే చాలు. అది వదిలేస్తుంది. వదిలేయమన్న సంగతి తన ఫలితాల పైన రాసి కూడా పెడుతుంది. దానికి దాపరికం తెలియదు. ఆ మాటను నా రిపోర్టులోకి ఎక్కించకుండా వదిలింది నేను. పాత రిపోర్టులో ఉన్న వాక్యమే దించేశాను: 'నెట్‌వర్కులోని అన్ని పరికరాలనూ పరిశీలించడమైనది.' సంతకం పెట్టి చేతులు దులుపుకున్నాను.

మూడు నెలలు తిరక్కుండానే ఆసుపత్రి కంప్యూటర్లన్నిటికీ తాళాలు పడిపోయాయి. ఎవరో బయటినుంచి నెట్‌వర్కులోకి దూరి, రోగుల రిపోర్టులన్నీ ఎవరూ తెరవలేకుండా బిగించేశారు. రోగులను రెండు రోజులు వెనక్కి పంపారు. ఎక్కణ్ణుంచి దూరారో వెతికితే, ఆ మిషన్‌కు తగిలించిన కంప్యూటర్ దగ్గర తేలింది. రిపేరు వాళ్లు దూరం నుంచి చూసుకోవడానికని ఎప్పుడో ఒక దారి తెరిచి, మూయడం మరిచారు. స్కాన్ చేసి ఉంటే మొదటి నిమిషంలోనే కనబడేది.

పెద్ద డాక్టరుగారు నన్ను పిలిపించారు. నా రిపోర్టు ఆయన బల్లమీదే ఉంది.

"అన్నీ చూశామని రాశారు. మరి ఇదెట్లా తప్పిపోయిందండీ?"

నా ఉద్యోగం గుర్తొచ్చింది. "ల్యాబ్ వాళ్లు వద్దన్నారు సార్" అన్నాను.

ఆవిణ్ణి పిలిచారు. నిలబెట్టే అడిగారు.

"వద్దన్నారా?"

"అన్నానండీ. ఆగిపోతుందేమోనని భయపడ్డాను."

ఒక్కసారి నా వైపు చూసింది. ఆదివారం సంగతి నేను చెబుతానని ఆగినట్టుంది. నేను నా రిపోర్టు అట్టకేసి చూస్తూ కూర్చున్నాను. ఇంత సిగ్గుమాలినవాణ్ణని నాకు అంతకుముందు తెలియదు. డాక్టరుగారు, "రేపట్నుంచి రానక్కర్లేదమ్మా" అన్నారు.

మెట్ల దగ్గర ఆవిడ నాకోసం ఆగి ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"సార్, ఒక్కమాట. ఆదివారం వస్తానని నేను మీతో అన్నానా? లోపల చెబుదామనుకున్నాను. మీరేం మాట్లాడకపోయేసరికి నాకే అనుమానమొచ్చింది, మనసులో అనుకుని పైకి అనలేదేమోనని."

"గుర్తులేదు మేడమ్" అన్నాను.

"అంతేనేమో లెండి. నేనే పొరబడుంటాను" అని, ల్యాబ్ తాళాలు అప్పజెప్పడానికి వెళ్లిపోయింది.

ఆవిడ పొరబడలేదు. రెండింటికి వస్తానంది. ఇంటికెళితే ఆలస్యమవుతుంది కాబట్టి అన్నం తినకుండా చర్చి నుంచి నేరుగా వచ్చేస్తానని కూడా అంది.